చూసినవాళ్ళకు కాదు, రాసి పంపినవాళ్ళకు బహుమతి

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మేం రాజస్థాన్‌లో ఒక కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా బ్లాకు వెనక స్కూటర్లు పెట్టుకునే షెడ్డు ఒకటి ఉండేది. దాని పైకప్పు చదును. ఎప్పుడో రిపేరు చేసినప్పుడు మిగిలిన గులకరాళ్ళు దాని మీద పరచుకుని ఉండేవి. ఏప్రిల్ మొదట్లో తీతువు పిట్టల జంట ఒకటి ఆ రాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. మా రెండో అంతస్తు బాల్కనీలో నిలబడితే గూడు సరిగ్గా కళ్ళ ముందే కనిపించేది.

ఫోనులో ఆ కూత విని ఊళ్ళో ఉన్న అమ్మమ్మ కంగారు పడింది. "తీతువు ఇంటి దగ్గర అరిస్తే మంచిది కాదే, తోలెయ్యండి" అంది. పక్కింటి ఆంటీది అక్కడి ఊరే. ఆవిడేమో సంబరపడింది. "టిటహరీ ఎత్తున గుడ్లు పెట్టిందంటే ఈ ఏడు వానలు బాగా పడతాయి" అంది. ఒకే పిట్ట మా ఊళ్ళో అపశకునం, ఆవిడ ఊళ్ళో శుభవార్త. ఎవరి మాట నిజమో తేలుద్దామని నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను.

నాలుగో గుడ్డు పెట్టిన రోజు నుంచి 27 రోజులు రాశాను. స్కూలుకు వెళ్ళేముందు ఒకసారి, రాగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆడా మగా రెండూ వంతులవారీగా గుడ్ల మీద కూర్చునేవి. ఎండ ముదిరిన రోజుల్లో పక్క బ్లాకు కూలర్ నీళ్ళు కారి మడుగు కట్టిన చోటికి ఒక పిట్ట వెళ్ళేది. పొట్ట కింది ఈకలు బాగా తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. అది గుడ్లకు వేడి చేయడం కాదు, చల్లబరచడం. 27వ రోజు మూడు గుడ్లు పిల్లలయ్యాయి, నాలుగోది కాలేదు. మర్నాడు పొద్దున చూస్తే పిల్లలు మూడూ కింద మట్టిలో పరుగెత్తుతున్నాయి. అంత ఎత్తు నుంచి ఎలా దిగాయో నేను చూడలేకపోయాను. ఆ మాట కూడా రాసుకున్నాను.

మేలో నాన్నకు పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. ప్యాకింగ్ అంటే ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పాత క్లాసు పుస్తకాలన్నీ కబాడీవాలాకు ఇచ్చేయమని అమ్మ చెప్పింది. కట్ట కట్టింది మాత్రం నేనే. తీతువుల సంగతి పాత సోషల్ నోట్సులో వెనక మిగిలిన పేజీల్లో రాశాను. అట్ట మీద 'సోషల్' అనే ఉంది. కిలోల లెక్కన అమ్ముడుపోయింది. ఆ సంగతి కొత్త ఊళ్ళో అట్టపెట్టెలన్నీ విప్పాక గానీ తెలియలేదు.

రెండేళ్ళ తర్వాత ఇంకో స్కూల్లో బయాలజీ మేడం ఈ ముచ్చట విని, మ్యాగజైన్‌కు రాయమన్నారు. ఉత్సాహంగా రాసి ఇచ్చాను. ఆవిడ చదివి మూడు ప్రశ్నలు అడిగారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? రోజుకు ఎన్నిసార్లు తడుపుకుని వచ్చింది? నీతో పాటు ఇంకెవరైనా చూశారా? మూడింటికీ "సుమారుగా" అనే మొదలుపెట్టాను. "కథగా బాగుంది. వేసుకుందాం. కానీ పరిశీలన అనాలంటే ఆ తేదీలు కావాలమ్మా" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పాపం ఆ పిట్టలు 27 రోజులు ఎండలో కూర్చున్నది నిజం, నేను చూసింది నిజం. ఆ రెండు నిజాలకూ ఇప్పుడు ఆధారం ఏదీ లేదు.

అప్పటి నుంచి నా మనసులో ఉన్న ఒక అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను. ప్రకృతిని పరిశీలించే పిల్లలకు, కొత్తగా ఆ పనిలోకి వచ్చిన యువతకు మన దగ్గర బహుమతులు ఉన్నాయి. మంచి ఫొటోకు బహుమతి ఉంది, క్విజ్‌కు ఉంది, పోస్టర్‌కు ఉంది, ఎగ్జిబిషన్లో థర్మోకోల్ నమూనాకు ఉంది. చూసినదాన్ని తేదీలతో, లెక్కలతో రాసి, ఒక పత్రికలో అచ్చు వేయించినందుకు ఇచ్చే బహుమతి మాత్రం మన స్కూళ్ళలో నాకు కనిపించలేదు. నాలుగేళ్ళకోసారి ఊరు మారే మనలాంటి పిల్లలకు అన్నిటికన్నా అవసరమైన బహుమతి అదే అని నా వాదన.

ఎందుకు అచ్చులోకి రావాలి, నోటుబుక్కు భద్రంగా దాచుకుంటే చాలదా అని అడగవచ్చు. దీనికి ఏ.ఓ. హ్యూమ్ కథ సరైన జవాబు. హ్యూమ్ పేరు మన చరిత్ర పుస్తకంలో 1885లో కాంగ్రెస్ స్థాపన దగ్గర వస్తుంది. ఆయన ఐసీఎస్ ఉద్యోగి. ఇటావా నుంచి సిమ్లా దాకా ఎన్నో చోట్ల పనిచేశాడు. తీరిక దొరికినప్పుడల్లా పక్షుల్ని పరిశీలించాడు. 1872లో 'స్ట్రే ఫెదర్స్' అనే పక్షుల పత్రికను సొంతంగా మొదలుపెట్టాడు. దానికి రాసినవాళ్ళలో చాలామంది వృత్తి శాస్త్రవేత్తలు కారు. సైన్యం, పోలీసు, అడవులు, ఇలా రకరకాల శాఖల్లో ఊరూరా తిరిగే ఉద్యోగులు. అంటే మన అమ్మానాన్నల్లాంటివాళ్ళే.

భారతదేశపు పక్షులన్నిటి మీదా ఒక మహా గ్రంథం రాయాలని హ్యూమ్ పాతికేళ్ళ పాటు నోట్సు పోగుచేశాడు. 1880ల మధ్యలో, ఆయన సిమ్లా ఇంట్లో లేని సమయంలో, పనివాడొకడు ఆ రాతప్రతుల్లో చాలా భాగాన్ని చిత్తుకాగితాల కింద బజార్లో అమ్మేశాడు. హ్యూమ్ మనసు విరిగిపోయింది. పక్షి చర్మాలు, గుడ్లు కలిపి 80,000కు పైగా ఉన్న తన సేకరణను 1885లో లండన్ మ్యూజియంకు ఇచ్చేశాడు. ఆ మహా గ్రంథం ఎప్పటికీ రాలేదు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నా సోషల్ నోట్సు గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అంత పెద్దమనిషికి, అంత పెద్ద ఇల్లున్నవాడికి కూడా జరిగింది అదే. అయితే ఒక్క తేడా ఉంది. హ్యూమ్ రాసుకుని బీరువాలో పెట్టుకున్నది చాలావరకు పోయింది. 'స్ట్రే ఫెదర్స్'లో అచ్చయినది పోలేదు. ఆ సంపుటాలు ఎన్నో గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఇవాళ్టికీ పరిశోధకులు వాటిని తిరగేస్తూనే ఉన్నారు. ఒక కాపీ పోయినా ఇంకొకటి ఉంటుంది. అచ్చు వేయడం అంటే గొప్ప చెప్పుకోవడం కాదు, నలుగురి ఇళ్ళలో దాచిపెట్టడం.

ఇంకో ప్రశ్న. అచ్చులో వేయడానికి మనం ఎవరం? పదో తరగతి పిల్లలం, మహా అయితే డిగ్రీ చదివే అన్నయ్యలం, అక్కయ్యలం. దీనికి రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది సలీం అలీ. ఆయన్ని మనం పాఠాల్లో 'బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా'గా చదువుకుంటాం. కానీ 1930లో ఆయన ఉద్యోగం లేని మనిషి. జర్మనీలో శిక్షణ పొంది వచ్చేసరికి, బొంబాయి మ్యూజియంలో ఆయన చేసిన గైడ్ లెక్చరర్ ఉద్యోగం డబ్బు లేదంటూ రద్దయింది. యూనివర్సిటీ డిగ్రీ కూడా లేదు. బొంబాయికి అవతల కిహీమ్ అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ, అక్కడి గిజిగాడి గూళ్ళను వానాకాలమంతా గమనించాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతుందని, ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం పూర్తి చేస్తుందని, ఆ తర్వాత అదే మగది ఇంకో గూడు మొదలుపెడుతుందని వివరంగా రాసి, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌కు పంపాడు. ఆ వ్యాసమే ఆయనకు పరిశోధకుడిగా పేరు తెచ్చింది. ఆ వెంటనే 1931లో నిజాం రాజ్యంలోని పక్షుల సర్వే చేసే అవకాశం వచ్చింది. ఇవాళ తెలంగాణలో పక్షుల గురించి ఎవరు రాసినా ఆ సర్వే దాకా వెనక్కి వెళ్ళాల్సిందే. గిజిగాడి గూళ్ళను ఆ ఊరివాళ్ళంతా చూసే ఉంటారు. సలీం అలీ చూసి, రాసి, పంపాడు.

రెండోది మన గోదావరి జిల్లాకు సంబంధించినది. కె.కె. నీలకంఠన్ కేరళకు చెందిన ఇంగ్లీషు అధ్యాపకుడు. 1923లో పుట్టాడు. 'ఇందుచూడన్' అనే కలం పేరుతో మలయాళంలో పక్షుల మీద రాసిన పుస్తకం ద్వారా అక్కడ ఇంటింటికీ తెలుసు. 1946లో, అంటే ఇరవై మూడేళ్ళ వయసులో, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టుకుని ఉండటం చూశాడు. గూడబాతు అంటే పెలికాన్. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద నీటిపక్షి. ఊరి చెట్ల మీద అవి పిల్లల్ని పెంచుతున్నాయని ఊళ్ళోవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. బయటివాళ్ళకు తెలియదు. నీలకంఠన్ వివరాలు సేకరించి రాసిన వ్యాసం 1949లో అదే బొంబాయి జర్నల్‌లో వచ్చింది.

1970లు వచ్చేసరికి ఆ పక్షుల కాలనీ ఖాళీ అయిపోయింది. ఇవాళ ఆరేడులో గూడబాతుల కోసం వెతికితే అవి దొరకవు, ఆ వ్యాసం దొరుకుతుంది. ఇప్పుడు మనం నేలపట్టులోనో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనో గూడబాతుల్ని చూసి ఎన్ని పెరిగాయి, ఎన్ని తగ్గాయి అని మాట్లాడుకోవాలంటే, ఒకప్పుడు ఎక్కడెక్కడ ఉండేవో తెలియాలి కదా. అది తెలిసింది ఊరు కాని ఊళ్ళో, భాష కాని భాషలో, ఒక కుర్ర మాస్టారు పని గట్టుకుని రాసినందువల్ల. ఆయన అప్పటికి పెద్ద శాస్త్రవేత్తేమీ కాదు.

ఈ రెండు ఉదాహరణలూ చదివితే మనకు ఒక సంగతి తోచాలి. కొత్తగా వచ్చినవాడి కళ్ళకు కనిపించేవి కొన్ని ఉంటాయి. ఆరేడువాళ్ళకు గూడబాతులు రోజూ ఉండేవే, కాబట్టి వార్త కాదు. "మనకు సొంత ఊరంటూ లేదు" అని మనం బాధపడతాం. నేనూ పడ్డాను. ఇప్పుడు నాది ఐదో స్కూలు. కానీ తీతువు గురించి అమ్మమ్మ మాటా, ఆంటీ మాటా పక్కపక్కన వినే అవకాశం ఒకే ఊళ్ళో పెరిగినవాళ్ళకు దొరుకుతుందా? పోల్చి చూడటం పరిశీలనలో మొదటి మెట్టు. అది మనకు పోస్టింగ్ ఆర్డరుతో పాటు ఉచితంగా వస్తుంది.

మనకు ఇంకో సౌకర్యం ఉంది. మనం ఉండేది రైల్వే కాలనీల్లో, కంటోన్మెంట్లలో, ప్రాజెక్టు టౌన్‌షిప్పుల్లో. అక్కడ పాత చెట్లు ఉంటాయి, ఖాళీ స్థలం ఉంటుంది, ప్రహరీ గోడ ఉంటుంది. బయటి పరిశోధకుడు లోపలికి రావాలంటే గేటు పాసు కావాలి, రెండు మూడు సంతకాలు కావాలి. మనం లోపలే ఉన్నాం. అక్కడి చింతచెట్టు మీద ఎన్ని గబ్బిలాలు వేలాడుతున్నాయో, వర్షం పడ్డ మొదటి రాత్రి ఏ కప్పలు అరిచాయో మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు. అయితే అలాంటి చోట్ల ఫొటోలు తీయకూడని ప్రదేశాలుంటాయి, పేర్లు రాయకూడని భవనాలుంటాయి. పెద్దల అనుమతి అడిగి, జిల్లా పేరు వరకే రాస్తే సరిపోతుంది. కప్పకు గేటు నంబరుతో పనిలేదు.

ఇక బహుమతి సంగతి. లండన్‌లోని లిన్నియన్ సొసైటీ 1963లో బ్లూమర్ అనే ఆయన ఇచ్చిన నిధితో ఒక అవార్డు ఏర్పాటు చేసింది. అది వృత్తిగా పరిశోధన చేసేవాళ్ళకు కాదు. జీవశాస్త్ర జ్ఞానానికి ముఖ్యమైనదేదైనా జతచేసిన ఔత్సాహికులకు. ఎక్కువ కాలం నడిచిన ఇలాంటి బహుమతులన్నిటి వెనకా ఒకటే ఆలోచన ఉంది. ఔత్సాహికుడికి జీతం లేదు, ప్రమోషన్ లేదు. రాసి పంపకపోయినా ఎవరూ అడగరు. కాబట్టి రాయడానికి ఒక కారణం కల్పించాలి. ఆ కారణం డబ్బే కానక్కర్లేదు. నువ్వు రాసింది ఎవరో శ్రద్ధగా చదివారు అనే నమ్మకం చాలు.

మన స్కూలు స్థాయిలో ఇలాంటి బహుమతి పెడితే ఎలా ఉండాలో నాకు తోచినంత చెబుతాను. ఏడాదిలో మన పత్రికలో గానీ, బయటి పత్రికలో గానీ అచ్చయిన ప్రకృతి పరిశీలనకే అది ఇవ్వాలి. రెండు పేజీలు చాలు. చోటు, తేదీలు, సమయం, లెక్క, పక్కన ఉన్న సాక్షి పేరు ఉండాలి. అనుకున్నది కనిపించకపోతే కనిపించలేదనే రాయాలి. అలా రాసినా బహుమతికి అర్హతే. మా కాలనీలో మూడు నెలలు వెతికినా పిచ్చుక గూడు ఒక్కటీ దొరకలేదు అన్నది కూడా విలువైన సమాచారమే.

పంపిన ప్రతి ఒక్కరికీ రాతపూర్వకంగా జవాబు రావాలి. అచ్చు వేసినా, వేయకపోయినా. నాకు మేడం అడిగిన మూడు ప్రశ్నలే ఇప్పటిదాకా వచ్చిన పెద్ద బహుమతి అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ తర్వాత నేను ఏం చూసినా ముందు తేదీ వేస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, బహుమతి ఇద్దరికి కలిపి ఇచ్చే వీలుండాలి. ఒక పిల్ల మొదలుపెట్టిన పరిశీలన టీసీ తీసుకోవడంతో ఆగిపోకూడదు. స్కూలు లైబ్రరీలో ఒక ప్రకృతి రిజిస్టరు ఉండాలి. వెళ్ళేవాళ్ళు తమ నోట్సు నకలు అందులో అతికించి వెళ్ళాలి. వచ్చేవాళ్ళు చూసి, కావాలంటే కొనసాగించాలి. గేటు పక్కనున్న రేలచెట్టు ఏ తేదీన పూసిందో పదేళ్ళ పాటు వరసగా రాయడం మనలో ఏ ఒక్కరి వల్లా కాదు. నలుగురైదుగురు కలిస్తే అవుతుంది. ఆ నలుగురూ ఒకరినొకరు ఎప్పుడూ చూడకపోవచ్చు. అయినా ఒక వ్యాసం కింద వాళ్ళ పేర్లు పక్కపక్కన ఉంటాయి.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మా ఇంట్లోనే వచ్చాయి.

నాన్న అన్నది, "బహుమతి అనేసరికి పిల్లలు లేనిది ఉన్నట్టు రాస్తారు" అని. ఇది చిన్న విషయం కాదు. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ ఉంది. 1872లో దొరికింది. మరుసటి ఏడాది హ్యూమ్ తన 'స్ట్రే ఫెదర్స్'లోనే దానికి పేరు పెట్టాడు. 1884 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అయితే కల్నల్ మైనర్‌ట్జగెన్ అనే పేరున్న పక్షి పరిశీలకుడు 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర తనకొకటి దొరికిందని చెప్పుకున్నాడు. ఆ మాట నమ్మి తర్వాతివాళ్ళు ఆ వైపు వెతికారు, దొరకలేదు. చివరికి పమేలా రస్ముసెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆ నమూనాను పరీక్షించి, అది మ్యూజియం నుంచి దొంగిలించి చీటీ మార్చినదని తేల్చారు. ఆ తప్పుడు చిరునామాను పక్కనపెట్టి పాత నిజమైన రికార్డులను అనుసరించి వెతికితే, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర గుడ్లగూబ కనిపించింది. 113 ఏళ్ళ తర్వాత.

నాన్న మాటకు ఈ కథ బలమిస్తుంది. కానీ ఇంకో సంగతి కూడా చెబుతుంది. అబద్ధం దొరికిపోయింది కూడా రికార్డుగా మిగిలి ఉండటం వల్లే. అచ్చులో ఉన్నదాన్ని ఎవరైనా, ఎన్నేళ్ళకైనా పరీక్షించవచ్చు. నోటి మాటగా చెప్పుకున్న అబద్ధాన్ని ఎవరు పరీక్షిస్తారు? కాబట్టి బహుమతి 'అరుదైనది చూసినందుకు' ఉండకూడదు. అలా పెడితే నాన్న చెప్పినట్టే అవుతుంది. రోజూ కనిపించే కాకిని ఓపిగ్గా చూసినవాళ్ళకు ఉండాలి. కాకి గురించి అబద్ధం చెప్పి లాభపడేవాళ్ళు తక్కువ.

గూళ్ళ దగ్గరికి వెళ్ళి పిల్లలు పిట్టల్ని బెదరగొడతారని అమ్మ భయం. అదీ నిజమే. అందుకే గూడును తాకినా, గుడ్డును చేతిలోకి తీసుకున్నా, ఫొటో కోసం కొమ్మలు తొలగించినా ఆ నోటును పక్కన పెట్టేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షుల గూళ్ళనూ గుడ్లనూ పాడుచేయడం నేరం కూడా. నేను తీతువుల్ని చూసింది బాల్కనీలోంచే. దూరం వల్ల నాకు తగ్గిందేమీ లేదు. షెడ్డు ఎక్కి ఉంటే అవి గూడు వదిలేసేవేమో.

ఫోన్లో ఈబర్డ్ లాంటి యాప్‌లో ఎక్కిస్తే చాలదా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. ఎక్కించాలి, మంచిదే. ఏ పక్షి, ఎక్కడ, ఎన్ని అన్నది అక్కడ చేరుతుంది. కానీ ఆ పిట్ట ఎందుకు పొట్ట తడుపుకుంది, ఏ ఎండలో ఎన్నిసార్లు, అన్న ప్రశ్న వేసుకుని జవాబు వెతికి రాస్తే దాన్ని నోటు అంటారు. యాప్‌లో చేర్చినవి ఇటుకలు. ఇల్లు మనమే కట్టాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. పరిశోధన పత్రికలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి 2004లో మొదలైన 'ఇండియన్ బర్డ్స్' పత్రిక ఔత్సాహికుల నోట్సును వేసుకుంటుంది, కానీ ఇంగ్లీషులోనే పంపాలి. పెద్దయ్యాక పంపుదాం. మొదటి మెట్టు మాత్రం ఈ ప్రాంతీయ భాషల విభాగంలోనే ఉండొచ్చు. తెలుగులో రాస్తే మా అమ్మమ్మ చదువుతుంది. చదివి, "మా చేలో తీతువులు గట్టు మీద పెట్టేవి గుడ్లు, దుక్కి దున్నేటప్పుడు మీ తాతయ్య అంతమేరా వదిలేసేవాడు" అని ఫోను చేస్తుంది. నిజంగానే చేసింది. అపశకునం అన్న మనిషే ఆ మాట కూడా చెప్పింది. ఇంగ్లీషులో రాసి ఉంటే ఆ సమాచారం నాకు వచ్చేదా?

అందుకే ఇంకొక్క నియమం కోరతాను. చూపించినవాళ్ళ పేరు రాయాలి. కడప జిల్లాలో కలివికోడి అనే రాత్రిపూట తిరిగే పిట్ట ఉంది. పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే సైనిక వైద్యుడి పేరు అది. 1900 తర్వాత అది కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే, రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి దాన్ని పట్టి చూపించాడు. ఐతన్న పేరు ఆ కథలో నిలిచింది. అలా ఎన్ని కథల్లో నిలవలేదో. మన కాలనీ తోటమాలి, చెరువు దగ్గర వల వేసే ఆయన, పాలు తెచ్చే అవ్వ, వీళ్ళ దగ్గర విన్నది రాసేటప్పుడు వాళ్ళ అనుమతి అడిగి, వాళ్ళ పేరుతోనే రాద్దాం.

పరీక్షలు, ట్యూషన్లు ఉండగా ఇదంతా ఎప్పుడు అని అడిగేవాళ్ళకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. రోజుకు పది నిమిషాలు పడుతుంది. ఏడో తరగతిలో ఆ పది నిమిషాల వల్ల నా మార్కులు తగ్గలేదు. సోషల్లో కొంచెం తగ్గాయి, అది వేరే కారణం.

ఈ ఏడాది మా కొత్త క్వార్టర్ ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకు కింద గోరింకలు చేరాయి. జూలై 3 నుంచి రాస్తున్నాను. ఈసారి విడిగా ఒక పుస్తకం పెట్టాను, అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో 'పారేయకూడదు' అని రాశాను. ప్రతి ఆదివారం ఫొటో తీసి మేడంకు పంపుతున్నాను. వచ్చే మేలో నాన్నకు మళ్ళీ ట్రాన్స్‌ఫర్ ఉండొచ్చని ఇంట్లో అనుకుంటున్నారు. గోరింకలు మాత్రం ఇక్కడే ఉంటాయి.

ప్రిన్సిపాల్ గారికి, పత్రిక సంపాదక వర్గానికి నా విన్నపం ఒకటే. వచ్చే సంచిక నుంచి ఈ బహుమతి మొదలుపెట్టండి. ఒక పుస్తకం ఇచ్చినా చాలు. గెలిచినవాళ్ళు అప్పటికే వేరే ఊరు వెళ్ళిపోయి ఉంటే ఆ స్కూలు చిరునామాకు పోస్టులో పంపండి. ఇక నా తర్వాత ఈ క్వార్టర్‌కు వచ్చేవాళ్ళకు ఒక మాట: నీళ్ళ ట్యాంకుకు ఉత్తరం వైపు రెండో పైపు దగ్గర చూడండి. పొద్దున ఆరున్నరకు అయితే బాగా కనిపిస్తాయి. నా నోట్సు నకలు లైబ్రరీలో పెట్టి వెళ్తాను.

— పదకొండో తరగతి, సైన్స్ విభాగం